చియాంగ్ మాయ్‌లో ఉంటూ అమెరికా పెన్షన్ అందుకోవడం ఎలా?

మూడేళ్ల క్రితం, జనవరిలో ఒక ఆదివారం రాత్రి పదకొండింటికి నా అమెరికా బ్యాంకు ఖాతా లాక్ అయిపోయింది. పాస్‌వర్డు సరిగ్గానే కొట్టాను. కాకపోతే కొత్త లాప్‌టాప్, పైగా థాయిలాండ్ నుంచి. బ్యాంకుకి అనుమానం వచ్చి ఓటీపీ పంపింది. ఎక్కడికి? డల్లాస్ వదిలేటప్పుడు "ఇంకెందుకులే, నెలనెలా దండగ" అని నేను బిల్లు కట్టడం మానేసిన నంబరుకి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఆవిడ ఎంతో మర్యాదగా, మీరు మీరేనో కాదో చూడాలి కాబట్టి రికార్డులో ఉన్న నంబరుకి ఒక కోడ్ పంపిస్తాను, చదివి చెప్పండి అంది. ఖాతా మళ్లీ తెరుచుకోవడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. మధ్యలో మూడో తారీఖున సోషల్ సెక్యూరిటీ (అమెరికా ప్రభుత్వం నెలనెలా ఇచ్చే పెన్షన్) డబ్బు టంచనుగా అందులో పడింది కూడా. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని.

అందుకే ఫోన్ నంబరుతో మొదలుపెడుతున్నాను. పెన్షన్, వీసా, పన్నులు అన్నీ ఆ తర్వాతే. అమెరికాలో కనీసం పదేళ్లు పనిచేసి, సోషల్ సెక్యూరిటీకి కావాల్సిన 40 క్రెడిట్లు సంపాదించుకుని, అమెరికా పౌరసత్వం ఉండి, రిటైరయ్యాక థాయిలాండ్‌లో ఉందామనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. గ్రీన్ కార్డు వాళ్ల సంగతి వేరు, చివర్లో చెబుతాను.

1. విమానం ఎక్కకముందే చేయాల్సినవి

మీ అమెరికా నంబరుని వదులుకోకండి. ఖరీదైన ప్లాన్ నుంచి చవక ప్లాన్‌కి మార్చుకోండి, కానీ అందులో వైఫై కాలింగ్ ఉండాలి. విదేశంలో వైఫై మీద బ్యాంకు మెసేజీలు వస్తాయా లేదా అని ముందే అడగండి. ఈసిమ్‌గా (విడిగా చిప్ అక్కర్లేని సిమ్) మార్చుకుంటే ఒకే ఫోన్‌లో అమెరికా నంబరు, థాయ్ సిమ్ రెండూ నడుస్తాయి. గూగుల్ వాయిస్ ఉందిగా అంటారు చాలామంది. మామూలు కాల్స్‌కి బాగానే ఉంటుంది కానీ, ఇంటర్నెట్ నంబర్లకి ఓటీపీ పంపని బ్యాంకులు చాలా ఉన్నాయి. దాని మీద ఒక్కదాని మీదే ఆధారపడొద్దు.

ఖాతా లాక్ అయ్యాక నేను చేసిన రెండో తెలివితక్కువ పని, మా అబ్బాయి నంబరు ఇవ్వడం. ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకి నేను తీరిగ్గా కూర్చుని బ్యాంకు పని పెట్టుకుంటే వాడికి అక్కడ అర్ధరాత్రి. "నాన్నా, మళ్లీ ఏదో కోడ్ వచ్చింది, నువ్వేనా?" అని నిద్రమత్తులో మెసేజ్ పెట్టేసరికి ఆ కోడ్ గడువు అయిపోయేది. మూడు నెలలకి ఇద్దరికీ విసుగొచ్చింది.

వీలున్న ప్రతి చోటా మెసేజీకి బదులు, ఫోన్‌లోనే కోడ్ తయారుచేసే ఆథెంటికేటర్ యాప్ పెట్టుకోండి. సోషల్ సెక్యూరిటీ ఆన్‌లైన్ ఖాతాకి పాత యూజర్‌నేమ్‌లు 2025 జూన్‌తో ఆగిపోయాయి. ఇప్పుడు లాగిన్.గవ్ లేదా ఐడీ.మీ అనే గుర్తింపు వెబ్‌సైట్ల ద్వారానే లోపలికి వెళ్లాలి. చేతిలో అమెరికా లైసెన్సు, నంబరు, చిరునామా ఉన్నప్పుడే ఆ గుర్తింపు ప్రక్రియ పూర్తి చేయండి. బ్యాకప్ కోడ్‌లు ఇస్తారు, అవి కాగితం మీద ప్రింటు తీసి పాస్‌పోర్టుతో పాటు దాచండి. ఫోన్ పోయిన రోజున ఆ కాగితమే దిక్కు.

తర్వాత చిరునామా. పిల్లలో తోబుట్టువులో అమెరికాలో ఉంటే వాళ్ల ఇంటి చిరునామా ఉత్తరాలకి వాడుకోవచ్చు. లేకపోతే ఉత్తరాలు అందుకుని స్కాన్ చేసి పంపే సంస్థలున్నాయి, కానీ అది నివాస చిరునామా కాదని పట్టుకునే బ్యాంకులూ ఉన్నాయి. 401కే, ఐఆర్ఏ (రిటైర్మెంట్ పొదుపు ఖాతాలు) ఉన్న బ్రోకరేజీని మాత్రం సూటిగా అడగండి: "నేను థాయిలాండ్‌లో ఉంటాను, నా ఖాతా ఏం చేస్తారు?" కొన్ని సంస్థలు అమ్మకాలు మాత్రమే చేయనిస్తాయి, మ్యూచువల్ ఫండ్లు కొత్తగా కొననివ్వవు. కొన్ని ఖాతా మూసేసుకోమంటాయి. దాచిపెడితే నాలుగు రోజులు గడుస్తుంది, ఐపీ అడ్రస్ చూసి ఏదో ఒకరోజు ఉత్తరం రాస్తారు. డల్లాస్‌లో ఉండగానే అడిగితే తీరిగ్గా మార్చుకోవచ్చు.

ఇంకొకటి: సంబంధం లేని రెండు బ్యాంకుల్లో ఖాతాలుంచుకోండి. ఒకటి తలుపేస్తే రెండోది ఉంటుంది. వాటిలో ఒకటి చార్ల్స్ ష్వాబ్ అనే అమెరికా సంస్థ ఇచ్చే చెకింగ్ (రోజువారీ వాడుక) ఖాతా లాంటిదైతే మేలు, ప్రపంచంలో ఎక్కడ ఏటీఎం ఫీజు పడినా తిరిగి వేస్తారు. థాయ్ ఏటీఎంలు విదేశీ కార్డు మీద ప్రతిసారీ 200 బాట్ (థాయ్ కరెన్సీ) పైనే లాగుతాయి కాబట్టి అది చిన్న లాభమేం కాదు.

2. సోషల్ సెక్యూరిటీ: ఎవరికి చెప్పాలి, ఎక్కడ వేయించుకోవాలి

థాయిలాండ్‌లో ఉన్నవాళ్ల సోషల్ సెక్యూరిటీ పనులు చూసేది బ్యాంకాక్ ఎంబసీ కాదు. ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలోని అమెరికా ఎంబసీలో ఫెడరల్ బెనిఫిట్స్ యూనిట్ అని ఉంది, చిరునామా మార్పు నుంచి కొత్త దరఖాస్తు దాకా వాళ్లే చూస్తారు. ఇక్కడికి రాగానే మీ థాయ్ చిరునామా వాళ్లకి తెలియజేయండి. విదేశంలో ఉన్నవాళ్లకి పుట్టినరోజుని బట్టి బుధవారాల్లో కాకుండా నెల మూడో తారీఖున డబ్బు పడుతుంది. కాగితం చెక్కులు 2025 సెప్టెంబరు 30తో దాదాపు ఆగిపోయాయి, కాబట్టి బ్యాంకు ఖాతా ఉంచుకోండి.

అమెరికా ఖాతాలోనా, థాయ్ ఖాతాలోనా? బ్యాంకాక్ బ్యాంక్‌లో దీనికోసమే ఒక రకం డైరెక్ట్ డిపాజిట్ ఖాతా ఉంది. దానికి ఏటీఎం కార్డు ఇవ్వరు, మీరే స్వయంగా పాస్‌బుక్ పట్టుకుని బ్రాంచికి వెళ్లి తీసుకోవాలి. నాకైతే అమెరికా ఖాతాలో వేయించుకుని, కావాల్సినంత మాత్రం ఇటు పంపుకోవడమే నయమనిపించింది. డాలరు ఎప్పుడు బాట్‌గా మారాలన్నది మన చేతిలో ఉంటుంది. పన్ను విషయంలోనూ అది పనికొస్తుంది, కింద చెబుతాను.

ఇక అసలు జాగ్రత్తపడాల్సింది ఒక ఉత్తరం దగ్గర. ఎస్‌ఎస్‌ఏ-7162 అనే ఫారం. మీరింకా బతికే ఉన్నారా, పెళ్లి చేసుకున్నారా, ఎక్కడైనా పనిచేస్తున్నారా, పౌరసత్వం మారిందా అని అడుగుతూ ఏటా గానీ రెండేళ్లకోసారి గానీ మామూలు పోస్టులో వస్తుంది. మన దగ్గర పెన్షనర్లు నవంబరులో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌కి అన్నగారనుకోండి. తేడా ఏమిటంటే మన జీవన్ ప్రమాణ్ ఫోన్‌లోనే అయిపోతుంది, ఇది సముద్రాలు దాటి వచ్చి, సంతకంతో మళ్లీ సముద్రాలు దాటి వెళ్లాలి. మే, జూన్ నెలల్లో మొదటి ఉత్తరం పంపుతారు. జవాబు రాకపోతే శరదృతువులో రెండోది. దానికీ పలకకపోతే వచ్చే ఫిబ్రవరికల్లా డబ్బు ఆగిపోతుంది.

మా సందులో పోస్టాయన ఇంగ్లిష్ చిరునామా చూసి మూడు ఇళ్లవతల వేసి వెళ్లేవాడు. అక్కడుండే పెద్దావిడ ఒకసారి మామిడిపళ్ల సంచితో పాటు నెలరోజుల నాటి కవరు తెచ్చి ఇచ్చింది, అందులో ఉన్నది ఇదే ఫారం. ఆ రోజే థాయ్ లిపిలో చిరునామా రాయించి గేటుకి అంటించాను, మనీలాకి కూడా రెండు లిపుల్లోనూ పంపాను. మీరూ అలా చేయండి. జులై దాటినా కవరు రాకపోతే మనీలాకి ఈమెయిల్ పెట్టండి. నింపిన ఫారాన్ని ఫోటో తీసుకుని, రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

ఇండియాలో ప్రభుత్వ ఉద్యోగం చేసి తర్వాత అమెరికా వెళ్లినవాళ్లకి ఒక మంచి వార్త. మన పెన్షన్ వస్తోందన్న కారణంతో సోషల్ సెక్యూరిటీలో కోత వేసే నిబంధన 2025 జనవరి 5న సంతకమైన చట్టంతో రద్దయింది. మీకు ఇంకా పాత లెక్కే నడుస్తుంటే అడిగి సరిచేయించుకోండి.

3. మెడికేర్

మెడికేర్ అంటే 65 దాటినవాళ్లకి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా. థాయిలాండ్ ఆసుపత్రుల్లో అది ఒక్క డాలరు కూడా ఇవ్వదు. ఆసుపత్రి ఖర్చులు చూసే పార్ట్ ఏ ఎటూ ఉచితం, ఉంచుకోండి. డాక్టర్ల ఖర్చులు చూసే పార్ట్ బీకి 2026లో నెలకి 202.90 డాలర్లు. మానేసి, ఐదేళ్ల తర్వాత మళ్లీ కావాలంటే ప్రతి పూర్తి ఏడాదికీ 10 శాతం చొప్పున, అంటే 50 శాతం ఎక్కువ, జీవితాంతం. జనవరి నుంచి మార్చిలోపే చేరాలి కూడా. నేను కడుతూనే ఉన్నాను. ఎనభై ఏళ్లప్పుడు మనవల దగ్గరికి తిరిగి వెళ్లాల్సొస్తే అప్పుడు లెక్కలేసుకోవాలని లేదు. ఎప్పటికీ వెనక్కి వెళ్లం అనుకునేవాళ్లు మానేయొచ్చు, ఆ డబ్బుతో ఇక్కడ ఇన్సూరెన్సు తీసుకుంటే సరి.

4. థాయ్ బ్యాంకు ఖాతా, వీసా డబ్బు

యాభై దాటినవాళ్లకి రిటైర్మెంట్ ప్రాతిపదికన ఏడాది చొప్పున ఎక్స్‌టెన్షన్ (ఇక్కడ ఉండే గడువు పొడిగింపు) ఇస్తారు. రుసుము 1,900 బాట్. దానికి రెండు దారులు: థాయ్ బ్యాంకులో 8 లక్షల బాట్ డిపాజిట్, లేదా నెలకి 65,000 బాట్ ఆదాయం. రెండూ కలిపి 8 లక్షలైనా ఒప్పుకుంటారు. ఒకప్పుడు ఆదాయానికి ఎంబసీలో ప్రమాణ పత్రం తీసుకుంటే సరిపోయేది. 2019 నుంచి అమెరికా ఎంబసీ అది ఇవ్వడం మానేసింది. ఇప్పుడు నెలనెలా విదేశం నుంచి 65,000కి తగ్గకుండా వచ్చినట్టు బ్యాంకు రికార్డు చూపాలి. ఒక్క నెల తప్పినా పేచీయే.

ఖాతా తెరవడానికి పాస్‌పోర్టు, వీసా, ఇమ్మిగ్రేషన్ వాళ్లిచ్చే నివాస ధ్రువపత్రం అడుగుతారు. ఒక బ్రాంచిలో కాదంటే పక్క బ్రాంచికి వెళ్లండి, నిజంగానే బ్రాంచికో రూలు. అమెరికా పౌరులని తెలియగానే డబ్ల్యూ-9 అనే అమెరికా పన్ను ఫారం చేతిలో పెడతారు, మీ ఖాతా వివరాలు అమెరికాకి వెళ్తాయన్నమాట. అందులో భయపడాల్సిందేం లేదు. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి 10 లక్షల బాట్ వరకే. అంతకుమించి పెట్టాల్సొస్తే రెండు బ్యాంకుల్లో పెట్టండి.

8 లక్షల దారిలో ఉన్న మెలిక ఇది. దరఖాస్తుకి రెండు నెలల ముందు నుంచి ఆ డబ్బు కదలకూడదు. మంజూరయ్యాక ఇంకో మూడు నెలలు కదలకూడదు. మిగతా కాలంలో 4 లక్షలకి తగ్గకూడదు. ఖాతా మీ ఒక్కరి పేరు మీదే ఉండాలి. మన అలవాటు కొద్దీ భార్యాభర్తలిద్దరి పేరుతో తెరిస్తే ఇమ్మిగ్రేషన్‌లో ఒప్పుకోరు. ఇంట్లో వాడుకకి వేరే ఖాతా పెట్టుకుని దీన్ని దేవుడి హుండీలా వదిలేయండి, చేయి పెట్టొద్దు.

ఎక్స్‌టెన్షన్ రోజు నేను చేసే పని చెబుతాను. బ్యాంకు తలుపులు తీసే 8:30కి అక్కడుంటాను. ముందు ఖాతాలో 100 బాట్ వేస్తాను, ఆ రోజు తేదీతో ఒక ఎంట్రీ ఉండాలని. పాస్‌బుక్‌ని మెషీన్‌లో పెడితే కిర్రుకిర్రుమంటూ ఏడాది మొత్తం పేజీ తర్వాత పేజీ ప్రింటవుతుంది. ప్రతి లైన్లో తేదీ పక్కన చిన్న ఇంగ్లిష్ అక్షరాల కోడ్ ఉంటుంది. బ్యాంకాక్ బ్యాంక్ పుస్తకంలో ఎఫ్‌టీటీ అని పడితే విదేశం నుంచి వచ్చిన డబ్బని అర్థం. నెలవారీ ఆదాయం దారిలో వెళ్లేవాళ్లకి ఆ మూడు అక్షరాలే ప్రాణం. అది కాకుండా లోకల్ బదిలీ కోడ్ పడిందంటే మీ డబ్బు డల్లాస్ నుంచి వచ్చిందని మీరు ఎంత మొత్తుకున్నా లాభం లేదు. తర్వాత కౌంటర్లో బ్యాంకు లెటర్ తీసుకుని, పాస్‌బుక్ పేజీలన్నీ జిరాక్స్ తీయించి, ప్రతి పేజీ మీదా సంతకం పెట్టి, ఎయిర్‌పోర్టు దగ్గరున్న ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకి పరిగెడతాను. బయటికెళ్లి రావాలంటే రీ-ఎంట్రీ పర్మిట్ మరిచిపోకండి. ఒకసారికి 1,000, ఎన్నిసార్లయినా అంటే 3,800 బాట్. అది లేకుండా మనవడి బారసాలకి వెళ్తే ఏడాది ఎక్స్‌టెన్షన్ గాలికి పోయినట్టే.

5. డబ్బు తెచ్చుకోవడం

వైజ్ లాంటి డబ్బు పంపే యాప్‌లో మారకం రేటు బాగుంటుంది. కానీ అవి లోపల స్థానిక బ్యాంకు ద్వారా పంపడం వల్ల ఇందాక చెప్పిన కోడ్ తేడా రావొచ్చు. పంపే కారణం అడిగినప్పుడు థాయిలాండ్‌లో దీర్ఘకాలం ఉండటానికి అన్న ఎంపిక నొక్కి, మొదటిసారి చిన్న మొత్తం పంపి, పాస్‌బుక్‌లో ఏం పడిందో చూసుకోండి. 8 లక్షల్లాంటి పెద్ద మొత్తానికి స్విఫ్ట్ (బ్యాంకు నుంచి బ్యాంకుకి నేరుగా పంపే పద్ధతి) మేలు, బ్యాంకు దగ్గర పత్రం కూడా అడిగి తీసుకోవచ్చు.

ఏటీఎంలో డబ్బు తీసేటప్పుడు చివర్లో ఒక స్క్రీన్ వస్తుంది: మేమే డాలర్లలోకి మార్చేస్తాం, ఇదిగో రేటు, ఒప్పుకుంటారా అని. పెద్ద ఆకుపచ్చ బటన్, చూడ్డానికి సాయం చేస్తున్నట్టే ఉంటుంది. వద్దు అని నొక్కండి. డబ్బు ఎలాగూ వస్తుంది, మార్పిడి మీ బ్యాంకు రేటు ప్రకారం జరుగుతుంది, అదే చవక.

2026 నుంచి అమెరికా విదేశాలకి పంపే డబ్బు మీద 1 శాతం పన్ను వేస్తోందని మన గ్రూపుల్లో తెగ టెన్షన్ పడ్డారు. అది నగదు, మనీ ఆర్డరు, క్యాషియర్స్ చెక్కులతో పంపేవాటికే. బ్యాంకు ఖాతా నుంచి పంపితే వర్తించదు.

6. పన్నులు, రెండు వైపులా

ముందు థాయ్ వైపు. ఒక క్యాలెండర్ ఏడాదిలో 180 రోజులుంటే మీరు ఇక్కడి పన్ను నివాసి. 2024 జనవరి 1 నుంచి, బయటి దేశంలో సంపాదించింది ఏ ఏడాది తెచ్చుకున్నా పన్ను లెక్కలోకి వస్తుంది. అయితే 2024కి ముందు సంపాదించిన దానికి అది వర్తించదు. కాబట్టి 2023 డిసెంబరు 31 నాటి బ్యాంకు, బ్రోకరేజి స్టేట్‌మెంట్లు డౌన్‌లోడ్ చేసి జాగ్రత్తగా పెట్టండి, పాతవి తర్వాత దొరకవు.

సోషల్ సెక్యూరిటీ మీద పన్ను వేసే హక్కు రెండు దేశాల ఒప్పందం ప్రకారం అమెరికాదే. అందుకని నేను సోషల్ సెక్యూరిటీకి ఒక అమెరికా ఖాతా, ఐఆర్ఏ డబ్బుకి వేరే ఖాతా పెట్టుకున్నాను. ఇక్కడికి పంపేది మొదటి దాన్నుంచే. రెండూ ఒకే కుండలో కలిపేస్తే ఏ నీళ్లు ఎక్కడివో మీరే చెప్పలేరు. ఐఆర్ఏ డబ్బు తెచ్చినా మరీ కంగారేం లేదు. 65 దాటినవాళ్లకి 1,90,000, ప్రతి ఒక్కరికీ 60,000 మినహాయింపులు పోగా, తర్వాతి 1,50,000 మీద సున్నా పన్ను. అంటే 4 లక్షల బాట్ దాకా ఏమీ కట్టక్కర్లేదు. అంతకన్నా ఎక్కువ తెస్తుంటే థాయ్ పన్నులు తెలిసిన అకౌంటెంట్‌ని కలవండి. రిటర్ను మార్చి నెలాఖరులోపు వేయాలి.

అమెరికా వైపు: పౌరులు ఎక్కడున్నా 1040 (ఆదాయపు పన్ను రిటర్ను) వేయాల్సిందే. విదేశంలో ఉన్నవాళ్లకి గడువు దానంతటదే జూన్ 15 దాకా ఉంటుంది, కట్టాల్సింది ఉంటే వడ్డీ మాత్రం ఏప్రిల్ నుంచే. విదేశంలో సంపాదించిన జీతానికి ఇచ్చే మినహాయింపు పెన్షన్‌కి పనికిరాదు.

మనవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఎఫ్‌బార్ దగ్గర, అంటే విదేశీ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి చెప్పే ఫారం. అమెరికా బయట ఉన్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే అది వేయాలి. 8 లక్షల బాట్‌తోనే ఆ గీత దాటేశారు. ఇక వేసేటప్పుడు థాయ్ ఖాతా ఒక్కటే రాసి ఊరుకోకూడదు. హైదరాబాద్‌లో ఎన్నారీ ఖాతా, విజయవాడలో నాన్నగారితో జాయింట్‌గా ఉన్న ఎఫ్‌డీ, ఎప్పుడో తెరిచి మరిచిపోయిన సేవింగ్స్ ఖాతా, అన్నీ రాయాలి. డబ్బు మీది కాకపోయినా, పేరో సంతకం అధికారమో ఉంటే చాలు. విదేశాల్లోని ఆస్తి ఏడాది చివర్లో ఒంటరికి 2 లక్షల డాలర్లు, జంటకి 4 లక్షల డాలర్లు దాటితే 8938 ఫారం కూడా. ఇండియా మ్యూచువల్ ఫండ్లుంటే ఆ పన్ను లెక్క ఇంకా చికాకు, దానికి అనుభవమున్న సీపీఏ (అమెరికా లైసెన్సున్న అకౌంటెంట్) కావాల్సిందే.

ఐఆర్ఏ, 401కే నుంచి తప్పనిసరిగా తీయాల్సిన వయసు 73, మీరు 1960లోగానీ తర్వాతగానీ పుడితే 75. థాయ్ చిరునామాతో, డబ్బు అమెరికా బయటకే పంపమంటే కనీసం 10 శాతం పన్ను కోసేస్తారు, వద్దనే వీలుండదు. రిటర్నులో సర్దుబాటవుతుందనుకోండి.

7. మీ తర్వాత ఇంట్లోవాళ్లకి

ఇది రాయడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు, "ఆ మాటలెందుకు ఇప్పుడు" అంటూ. అయినా రాస్తున్నాను. థాయ్ ఖాతాకి మన దగ్గర లాగా నామినీని రాసి నిశ్చింతగా ఉండటం కుదరదు. ఖాతాదారు పోతే అది స్తంభించిపోతుంది, వీలునామా పట్టుకుని కోర్టు ద్వారా విడిపించుకోవాలి. కాబట్టి థాయ్ ఆస్తి వరకు ఇక్కడొక వీలునామా రాయించండి. అమెరికా ఖాతాలకి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వండి, కానీ సోషల్ సెక్యూరిటీ వాళ్లు దాన్ని లెక్కచేయరు, మీ తరఫున డబ్బు తీసుకునే ప్రతినిధిని వాళ్లే వేరేగా నియమిస్తారు. మనిషి పోయిన నెలకి డబ్బు రాదు. పొరపాటున పడితే వాడకూడదు, వెనక్కి లాగేస్తారు.

జీవిత భాగస్వామి అమెరికా పౌరురాలు కాకపోతే, విదేశంలో ఉంటూ మీ తర్వాత వచ్చే డబ్బు అందుకోవాలంటే, సాధారణంగా మీ భార్యగా ఐదేళ్లు అమెరికాలో ఉండి ఉండాలి. పాత పాస్‌పోర్టులు, ట్యాక్స్ రిటర్నులు పారేయకండి, ఆ ఐదేళ్లకి సాక్ష్యం అవే.

గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లు ఇంకాస్త ఆలోచించాలి. ఏళ్ల తరబడి ఇక్కడుంటే కార్డే నిలవదు. అది పోయాక మీరు అమెరికా పన్ను లెక్కలో విదేశీయులు, సోషల్ సెక్యూరిటీలో 25.5 శాతం ముందే కోసుకుని మిగిలింది ఇస్తారు. పౌరసత్వానికి అర్హత ఉండి బద్ధకించి ఆగినవాళ్లు ఆ పని ముగించుకుని రావడం మంచిది.

నా పాత నంబరు సంగతి చెప్పలేదు కదూ. దాన్ని కంపెనీవాళ్లు ఇంకెవరికో ఇచ్చేశారు. ఖాతా తెరవడానికి చివరికి చియాంగ్ మాయ్‌లోని అమెరికా కాన్సులేట్‌లో 50 డాలర్లిచ్చి సంతకం నోటరీ చేయించి కొరియర్లో పంపాల్సొచ్చింది. ఇప్పుడు వాడుతున్న కొత్త నంబరుకి నెలనెలా బిల్లు ఆటోపేలో పోతుంది. ఆ ఆటోపే కూడా ఏ ఖాతా నుంచి పోతుందో చూసుకోండి. నాది రెండో బ్యాంకు నుంచి.